పళ్లెమును త్రోసివేసిన పిల్లలు

అన్నము తినుటకు మారాము చేయని బిడ్డ అరుదు. చందమామను చూపియో, బూచివాని పేరు చెప్పియో తల్లి నాలుగు ముద్దలు తినిపించును. కాని ఏ బుజ్జగింపునకును లొంగక, ఎల్లప్పుడు ఒకే తీరున ఉండు రెండు మూడు పదార్థములు తప్ప మరేమియు ముట్టని బిడ్డలు కొందరు కలరు. ఆటిజమ్ గల పిల్లలలో ఇది తరచుగా కాననగును. ఈ నిరాకరణమును వైద్యులు ఏ కాలమున ఏ విధముగా అర్థము చేసికొనిరో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగర వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. ఆటిజమ్ చరిత్రలో విఖ్యాతమైన వ్యాసమది. ఆ పిల్లలలో ఆరుగురికి పుట్టినది మొదలు ఆహారము విషయమున తీవ్రమైన చిక్కు ఉండెనని అందు కలదు. ఒక పాప మూడవ నెలలో పాలు సయితము మానివేయగా, ఏడాది నిండువరకు దినమునకు 5 పర్యాయములు గొట్టము ద్వారా ఆహారము పంపవలసివచ్చెను. బయటి ప్రపంచము బిడ్డ ఏకాంతమునకు కలిగించు మొట్టమొదటి భంగము ఆహారమే యనియు, ఒంటరితనము కోరు బిడ్డ అందుచే దానిని త్రోసివేయుననియు కానర్ భావించెను.

మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ జర్మను భాషలో ఒక వ్యాసము ప్రకటించెను. తాను చూచిన పిల్లలలో పలువురికి పులుపన్నను ఘాటైన రుచులన్నను మక్కువ యనియు, కూరగాయలన్నను పాలతో చేసిన పదార్థములన్నను తరచుగా అణచరాని యేవగింపనియు అతడు గమనించెను. స్పర్శ, శబ్దముల యందును వారికి ఇట్టి తీవ్రతయే కలదని వ్రాసెను. ఇంద్రియముల వైపు చూపిన ఈ సూచన ఆంగ్లము చదువు వైద్యులలో అధికులకు దశాబ్దములపాటు అందలేదు.

ఈ లోపల నింద తల్లులపై పడెను. తల్లిదండ్రులకు వాత్సల్యము కొరవడుటచేతనే బిడ్డ ఇట్లయ్యెనను వాదము ప్రబలెను. పూటపూటకు పళ్లెము ముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొను తల్లియే బిడ్డ స్థితికి కారణమనిపించుకొనెను. 1964లో బెర్నార్డ్ రిమ్లండ్ దీనిని ఖండించెను. ఆటిజమ్ గల బిడ్డకు తండ్రియైన ఆ మనస్తత్త్వవేత్త, మూలమును శరీరధర్మమునందు వెదకవలెనని ఒక గ్రంథము వ్రాసెను. దానికి పీఠిక వ్రాసినది కానరే. అయినను 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథము పాత నిందకే మరల బలము చేకూర్చెను.

1983లో స్వీడను వైద్యుడు క్రిస్టఫర్ గిల్బర్గ్ మరొక ప్రశ్న లేవనెత్తెను. 1870ల దశకమున లండను వైద్యుడు విలియం గల్ అనోరెక్సియా నెర్వోసా యని పేరిడిన వ్యాధి యొకటి కలదు. ఆ వ్యాధికి లోనైనవారు ఆహారము తగ్గించి తగ్గించి కృశించిపోదురు. దానికిని ఆటిజమునకును సంబంధమున్నదా యని అతడు ప్రశ్నించెను. తరువాత గోటెబొర్గు నగరమున, ఆ వ్యాధి సోకిన 51 మంది యువజనులను, అది లేని 51 మందితో పోల్చి యేండ్ల తరబడి పరిశీలించిరి. ఆటిజమ్ లక్షణములు మొదటివారిలోనే హెచ్చుగా కనిపించెను.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన నిర్ణయగ్రంథమును సవరించెను. ఇంద్రియముల అతితీవ్రతకు, మందత్వమునకు ఆటిజమ్ లక్షణములలో స్థానము లభించెను. బరువును గూర్చిన భయము లేకయే, రుచికో వాసనకో మెత్తదనమునకో వెరచి ఆహారము మానుటకును ఒక ప్రత్యేక నామము ఏర్పడెను. ఆ యేడే అట్లాంటా పరిశోధకులు పూర్వపు పరిశీలనలను క్రోడీకరించి, ఆటిజమ్ గల పిల్లలకు ఆహారపు చిక్కులు తక్కినవారికంటె సుమారు 5 రెట్లు అధికమని తేల్చిరి. మాంసకృత్తులు, కాల్షియము వారికి తక్కువగా అందుచుండెను. బరువు సరిగానే ఉన్నను లోపము లోలోపల దాగియుండవచ్చును. మితిమీరిన పథ్యముచే స్కర్వీ వ్యాధి సోకిన పిల్లల ఉదంతములు సయితము వైద్యపత్రికలలో కలవు.

కావున ఇట్టి బిడ్డను బెదరించి తినిపించుట మేలు కాదు. పెద్దయిన పిదప సరిపోవునని ఉపేక్షించుటయు మేలు కాదు. వైద్యుని సంప్రదించి, బిడ్డ ఓర్చుకొనగల పదార్థముతో మొదలిడి, కొద్దికొద్దిగా క్రొత్తవి చేర్చవలెను. బిడ్డ పళ్లెమును త్రోసివేసెనను సంగతి 1943 నాటి వ్యాసమునందే కలదు. ఆ ముద్ద వాని నాలుకకు ఎట్లు తోచుచున్నదని అడుగుటకే వైద్యలోకమునకు ఇన్ని దశాబ్దములు పట్టెను.