సల్ఫీ మాను పోయింది, పొద్దు తప్పింది

బస్తర్‌లో సల్ఫీ మాన్లు ఎండిపోతున్నాయి. మన రంపచోడవరం, పాడేరు మన్యంలో జీలుగు అని పిలుచుకునే చెట్టే అది. కొమ్మల్లేని నిటారు మాను, పైన చేపతోకల్లాంటి ఆకులు, వాటి కింద జడలుగా వేలాడే గెలలు. మురియా, మాడియా గోండుల ఊళ్లలో ఇంటి కలిమిని సల్ఫీ మాన్లతో లెక్కగట్టేవారు. ఆడపిల్లకు పెళ్లిలో మానును ఇచ్చి పంపిన ఇళ్లున్నాయి. అలాంటి మాను మొవ్వు వాలిపోయి, ఆకు రాలి, మోడుగా వాకిట్లో నిలబడితే ఆ ఇంట్లో జరిగే నష్టం కల్లు ఒక్కదానితో తీరేది కాదు.

సల్ఫీ అమ్మకం ఇంటి దగ్గరే సాగే వ్యాపారం. తాగేవాళ్లు మాను మొదటికే వచ్చేవారు. అడ్డాకు దొప్పలో పోస్తే అక్కడే తాగి డబ్బులిచ్చేవారు, లేదా వడ్లో పప్పులో కొలిచి పోసేవారు. మిగిలింది సొరకాయ బుర్రల్లో నింపుకుని ఆడవాళ్లు వారపు సంతకు మోసేవారు. దళారి లేడు, అడ్వాన్సు లేదు, షావుకారి కాటా లేదు. అదే అడవిలో సారపప్పు ఏరిన మనిషి దాన్ని ఉప్పుకు మారకం వేసి నిలువునా మోసపోయిన చరిత్ర బస్తర్‌ది. సల్ఫీ దగ్గర ఆ మోసానికి చోటు దొరకలేదు. రసం నిలవ ఉండదు కాబట్టి షావుకారి దాని జోలికి రాలేదు. ఇప్పపువ్వును ఎండబెట్టి ఏడాది దాచుకోవచ్చు, ధర వచ్చేదాకా ఆగవచ్చు. సల్ఫీకి ఆ వెసులుబాటు లేదు, పూటకు పూట అమ్మాల్సిందే.

ఆ తొందరే ఇంటిని ఒక క్రమంలో నడిపింది. వెలుగు రాకముందే ఒకరు వెదురు నిచ్చెన మీద పైకి పోవాలి. గెల చివర కత్తితో పలుచగా చెక్కి, నిండిన కుండ దించి, ఖాళీ కుండ కట్టాలి. సాయంత్రం మళ్లీ అదే పని. కోత ఆపేస్తే గాటు ఎండి ధార ఆగిపోతుంది. పొద్దున దించిన రసం తియ్యగా ఉంటుంది, పిల్లలకూ పోస్తారు. ఎండ ఎక్కేకొద్దీ పొంగి, మధ్యాహ్నానికి పులిసి మత్తెక్కిస్తుంది. ఎవరికి ఏది కావాలో ఇంటివాళ్లకు తెలుసు, వచ్చేవాళ్లకూ ఏ వేళకు రావాలో తెలుసు. రెండు ఎక్కుళ్ల మధ్య దొరికే పగటిలోనే పొలం పని, చింతపండు కొట్టడం, కట్టెలు, నీళ్లు అన్నీ సర్దుకునేవి. సంత రోజున సంతకు పోయినవాళ్లు సాయంత్రం కోతకు ఇల్లు చేరాలి, లేదా ఆ పని చేసేవాళ్లను ఇంట్లో ఉంచాలి. ఇంటి నుంచి వ్యాపారం చేసేవారికి కాలం విలువ చెప్పే శిక్షణలు ఇవాళ పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదీ సల్ఫీ మాను నేర్పినంత కచ్చితంగా నేర్పదని నా నమ్మకం.

తెగులు ఈ క్రమాన్నే కొట్టింది. జగదల్‌పూర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఫ్యుజేరియం అనే బూజు దీనికి కారణమని గుర్తించారు. అది నేలలో ఉంటుంది, వేరులోంచి పాకుతుంది, నీటి దారులు మూసేస్తుంది. పైన ఆకు వాడిపోయిందని గమనించేసరికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

మాను స్వభావంలోనూ ఒక విషాదం ఉంది. జీలుగు బతుకులో ఒక్క విడత మాత్రమే పూస్తుంది. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గెలా కిందికి వేసుకుంటూ వచ్చి, చివరి గెలతో తానూ పోతుంది. గీసిన గెల కాయ కాయదు. కాయ లేకపోతే మానుపిల్లులు తిని అడవిలో విత్తనం చల్లడమూ ఉండదు. పాత మాను పోయేలోగా పక్కన పిల్లమొక్క లేచి ఉంటేనే ఇంటి వ్యాపారం నిలుస్తుంది. ఆ వరస ఎక్కడ తెగిందో అక్కడ తెగులు తుది దెబ్బ కొట్టింది.

మరికొన్ని ఊళ్లలో మాను బతికే ఉంది, మనుషులు పోయారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు, వేలమంది గోదావరి వైపు దిగి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలన్నాం, మిరప కోతకు పిలిచాం. ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చేనాటికి ఆరేళ్లు గడిచాయి. మేకను తోలుకుపోవచ్చు, కుండను నెత్తిన పెట్టుకోవచ్చు, సల్ఫీ మానును ఎలా తీసుకుపోతారు?

మిరప చేలో పొద్దు మేస్త్రీ చేతిలో ఉంటుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో అతను చెబుతాడు. తన పూటలను తానే ఏర్పరచుకున్న ఇల్లు కూలి లెక్కలోకి దిగడమే ఈ పతనంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది. ఆదాయం పోతే మరో ఆదాయం వెతుక్కోవచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి పంచుకున్న పగలు అంత తేలిగ్గా తిరిగి రాదు.

మన రంపచోడవరం, పాడేరు మన్యాల్లో జీలుగులు ఇంకా నిలిచి ఉన్నాయి. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం జీలుగు నీరా, బెల్లం మీద పని చేస్తోంది. గీసేవారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి మాను మీదా ఒక గెలను గీయకుండా కాయకు వదలండి, వాడిపోయిన చెట్టును గీసిన కత్తిని మరో చెట్టుకు వాడకండి, తొలకరికి రెండు మొక్కలు నాటండి. నాటిన మొక్క గీతకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది.