పోచారం అభయారణ్యం: వృక్షసంపద పటాలు

మెదక్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేటస్థలం. విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. అటవీ శాస్త్రజ్ఞులు చాంపియన్, సేఠ్ 1968లో ప్రచురించిన అడవుల వర్గీకరణలో ఇలాంటి అడవులు ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవుల కిందికి వస్తాయి. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగు ఇక్కడ పెరుగుతాయి.

ఈ అడవిని ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించడానికి రుతువే కీలకం. ఎండాకాలంలో ఆకు రాల్చిన టేకువనం బోడినేలలా కనిపించి లెక్క తప్పిస్తుంది. అందుకే భారత అటవీ సర్వే సాధారణంగా అక్టోబరు–డిసెంబరు చిత్రాలు వాడుతుంది. ఆ చిత్రాల్లో చెట్ల తలలు నేలను 70 శాతం, ఆపైన కప్పితే అతి దట్టమైన అడవి. 40–70 అయితే మధ్యస్థం. 10–40 అయితే పలుచన. అటవీభూమిలో అంతకన్నా తక్కువైతే పొదనేల. ఈ సాంద్రత మాత్రం చెట్ల జాతిని చెప్పదు. నాటిన టేకును సహజారణ్యం నుంచి వేరుచేయాలంటే అడవిలో నడిచి, నమూనా గళ్లలో ఒక్కో చెట్టునూ గుర్తించి, కొలవాల్సిందే.