బఫూన్లను బతికించిన క్యాసెట్

ఈ వారం ఎపిసోడ్‌లో హడావుడిగా దాటేసిన సంగతి ఒకటి ఇక్కడ కాస్త నింపాదిగా రాస్తున్నాను.

మన శాంటా క్లారా వాళ్ళకి శాంటా క్రూజ్ కొత్త కాదు. ఊర్నించి అమ్మానాన్నలొస్తే 17వ నంబరు హైవే ఎక్కి, కొండ మలుపులు తిరిగి, అక్కడి బోర్డ్‌వాక్‌లో పీచుమిఠాయి కొనిపెట్టి తీసుకొస్తాం. ఆ బోర్డ్‌వాక్‌లోనూ, దగ్గర్లోని వాట్సన్‌విల్‌లోనూ తీసిన సినిమా ఒకటుంది. పేరు 'కిల్లర్ క్లౌన్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్'. 1988లో వచ్చింది.

కథ వింటే నవ్వొస్తుంది. అంతరిక్షం నుంచి ఓ సర్కస్ డేరా ఊరిబయట దిగుతుంది. అందులోని బఫూన్లు మనుషుల్ని పీచుమిఠాయిలో చుట్టి, స్ట్రా గుచ్చి రక్తం తాగుతారు. ఒక బఫూన్ బస్టాపులో ఉన్నవాళ్ళకి గోడమీద చేతి నీడలతో ఆట చూపిస్తాడు. వాళ్ళు మైమరచి చూస్తుంటే ఆ నీడే వాళ్ళని మింగేస్తుంది. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాణ్ణి కదా, ఆ ఒక్క సీనుకే పడిపోయాను.

తీసింది చియోడో సోదరులు ముగ్గురు: స్టీఫెన్, చార్లెస్, ఎడ్వర్డ్. సినిమాలకి వింత జీవాల బొమ్మలు చేసిపెట్టడం వాళ్ళ పని. ఖర్చు 20 లక్షల డాలర్లకి అటూఇటూ. పెద్ద స్టార్ ఎవరూ లేరు. మరి ఇన్నేళ్ళు ఎలా నిలిచింది?

వీడియో షాపు అరల వల్ల. అప్పట్లో అద్దెకిచ్చే సినిమా క్యాసెట్ ఒక్కోటి షాపువాడికి 80, 90 డాలర్లు పడేది. కానీ ఒకసారి కొన్నాక ఎన్నిసార్లు అద్దెకిచ్చినా చట్టం అడ్డురాదు. అరలు నింపాలంటే పెద్ద సినిమాలు చాలవు. అలా చిన్న సినిమాలకీ చోటు దొరికింది. అట్టమీది బఫూన్ బొమ్మ చూసి తెచ్చుకున్న పిల్లలు పెద్దయ్యారు. వాళ్ళకోసమే 2001లో ఎంజీఎం డీవీడీ వేసింది, 2018లో యారో వీడియో బాగుచేసిన ప్రింటుతో బ్లూరే తెచ్చింది. 2024లో వీడియో గేమ్ కూడా వచ్చింది.

ఇంకో తమాషా. అదే 17వ నంబరు హైవే మీద స్కాట్స్ వ్యాలీ అనే చిన్న ఊరుంది. నెట్‌ఫ్లిక్స్ మొదలైంది అక్కడే. 1998 మార్చి 10న వాళ్ళు పోస్టులో పంపిన మొట్టమొదటి డీవీడీ 'బీటిల్‌జ్యూస్', అదీ దెయ్యాల కామెడీయే! 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కు పంపి ఆ పని మానేశారు.

ఇప్పుడు మన సంగతి. నేనొచ్చిన కొత్తలో బియ్యం, పప్పులు అమ్మే ఇండియన్ కొట్లో వెనక అర నిండా తెలుగు క్యాసెట్లుండేవి. కాపీకి కాపీ తీసినవి, బొమ్మ మీద వాన పడుతున్నట్టుండేది. అయినా శుక్రవారం సాయంత్రం నలుగురం రూమ్మేట్లం ఓ కామెడీ తెచ్చుకుని అన్నం కలుపుకుంటూ చూసేవాళ్ళం. కొట్టు చేతులు మారినప్పుడు ఆ క్యాసెట్లన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. నేనూ అడ్డుపడలేదు.

ఆ బఫూన్లకి నెగటివ్ మిగిలింది, హక్కులు పట్టుకున్న కంపెనీ మిగిలింది, అడిగే జనం మిగిలారు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా చిన్న సినిమా ఎవరికీ తెలియకుండా పోతుంది. మన తొలి సినిమా, 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'కే ఈరోజు ప్రింటు లేదు. ఇక క్యాసెట్ టేపు ఏళ్ళు గడిచేకొద్దీ పాడైపోతుంది. వీసీఆర్‌లు చేస్తున్న చివరి పెద్ద కంపెనీ, జపాన్‌వాళ్ళ ఫునాయ్, 2016లోనే ఆపేసింది.

అందుకే ఒక్క మాట. మీ గరాజ్‌లో పాత తెలుగు క్యాసెట్ల పెట్టె ఉంటే పారేయకండి. అట్టమీద ఏ సినిమా ఉందో, ఏ ఊళ్ళో కొన్నారో మాకు రాయండి. వచ్చినవాటి జాబితా వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. అడిగే జనం ఉన్నారని ముందు మనం చూపించాలి కదా.