టెండరు ప్రకటన (భారతదేశం)

ప్రభుత్వం సరుకులు కొనడానికో పనులు చేయించుకోవడానికో ధరలు కోరుతూ అందరికీ తెలిసేలా ఇచ్చే నోటీసు. దీని వెనుక ఉన్నది రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వం. సర్కారు తన ఇష్టం వచ్చినట్టు కాంట్రాక్టులు కట్టబెట్టరాదని రమణ దయారామ్ శెట్టి కేసు (1979)లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కేంద్ర శాఖలకు వర్తించేది సాధారణ ఆర్థిక నియమావళి. 2005 నాటి నియమావళి ఇండియన్ ట్రేడ్ జర్నల్‌లోనూ, కనీసం ఒక జాతీయ దినపత్రికలోనూ ప్రకటన వేయాలనేది. 2017 నియమావళిలోని 161వ నియమం ఆ స్థానాన్ని కేంద్ర కొనుగోళ్ల పోర్టల్‌కూ, ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ అయిన జెమ్‌కూ ఇచ్చింది. శాఖకు సొంత వెబ్‌సైట్ ఉంటే అందులోనూ పెట్టాలి.

అసలు కీలకం గడువు. బిడ్ వేయడానికి మామూలుగా కనీసం మూడు వారాలు, విదేశీ బిడ్లూ కోరితే నాలుగు వారాలు ఇవ్వాలి. నోటీసు వెలువడిన తేదీ, టెండరు పత్రాలు చేతికందే తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచే లెక్క. చిన్న కాంట్రాక్టరుకు నిజమైన రక్షణ ఈ షరతే. పత్రాలు దొరకని నోటీసు వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు.

రాష్ట్రాల విషయానికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ఆన్‌లైన్ టెండర్లు) మొదలుపెట్టింది. తమిళనాడు (1998), కర్ణాటక (1999) టెండర్ల కోసం ప్రత్యేక చట్టాలే చేసుకున్నాయి.