ఆంధ్రుల రేవులు – వంటయింటి సాక్ష్యము

ఆంధ్రదేశచరిత్రమునకు శాసనములు, నాణెములు, కావ్యములు ముఖ్యాధారములని పండితు లెఱుఁగుదురు. వీనికిఁ దోడు మఱియొక యాధారము ప్రతిగృహమునందును గలదు. అది వంటయిల్లు. మన తీరమునఁ బూర్వ మోడలు నిలిచిన రేవులలోఁ బెక్కులు రూపుమాసినవి. ఆ యోడలు తెచ్చిన వస్తువులు మాత్రము మన విస్తళ్లలో నేఁటికిని నిలిచియున్నవి. దక్షిణమునుండి యుత్తరముగాఁ దీరము వెంబడి నోడలోఁ బోవుచు, ఒక్కొక్క రేవున నాఁగి, అచ్చట దిగిన రుచులను విచారించిన యెడల, ఏ వస్తువు ఏ కాలమున నే త్రోవను వచ్చినదో కొంతవఱకు నిర్ణయింపవచ్చును.

మొదటి రేవు మోటుపల్లి. నేఁడిది బాపట్ల జిల్లాలోని యొక గ్రామము. ఇచ్చటి వీరభద్రాలయమందలి స్తంభముమీఁదఁ గాకతీయ గణపతిదేవుఁడు శా. శ. 1166, అనఁగా క్రీ. శ. 1244-45లో వేయించిన యభయశాసనము సుప్రసిద్ధము. తుపానునఁ బగిలి యొడ్డునఁ బడిన యోడలలోని సరకు నంతటిని బూర్వపురాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరనియు, తాము క్లుప్తశుల్కము దప్ప మఱేమియుఁ గైకొనమనియు నందుఁ జెప్పఁబడినది. ఆ శుల్కము ముప్పదింట నొకవంతు. శుల్కము విధింపఁబడిన సరకులలోఁ జందనము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు గలవు. వీనిలోఁ గొన్ని భోజనమునకును, భోజనానంతరమైన తాంబూలమునకును సంబంధించినవే.

కర్పూరమును బరిశీలింపుఁడు. మేలైన కర్పూరమునకుఁ బుట్టినిండ్లు సుమత్రా, బోర్నియో ద్వీపములు. శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిభర్త యైన యవచి తిప్పయసెట్టి ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములు తెప్పించి, కర్పూరవసంతరాయఁడని బిరుదొందిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సమకూర్చిన వర్తకుఁడు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామములో, ఓరుగంటి పూటకూటియింట రూకకు దొరకు భోజనమును వర్ణించుచోఁ గప్పురభోగి వంటకమే మొదటఁ జెప్పఁబడినది. సముద్రపు సరకు పేరు పూటకూటియింటి వంటకమునకుఁ గూడ నెక్కినదన్నమాట. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును బతనహేతువులలోఁ జేర్చినది. ఐనను ఓడ నెక్కని శ్రోత్రియుఁడును బూర్వము ప్రతిదినము దేవునికి హారతి యిచ్చినది యోడపై వచ్చిన కర్పూరముతోడనే. తాంబూలమందలి లవంగము మలుకా దీవులందును, జాజికాయ బందా దీవులందును బుట్టినవి.

ఇందువలన నాంధ్రులు పరుల యోడలకై యెదురుచూచిన వారు మాత్రమే యని తలంపరాదు. మోటుపల్లి దాఁటి కృష్ణాముఖమునకు వచ్చిన, ఘంటసాల కలదు. అచ్చటి ప్రాచీనశాసనమున మహానావికుఁ డొకఁడు పేర్కొనఁబడినాఁడు. శాతవాహనుల నాణెములమీఁద రెండు కొయ్యల యోడ గలదు. క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలెమీ, సువర్ణభూమికిఁ బోవు నోడలు తీరము విడుచు స్థానము మన తీరముననే చెప్పియున్నాఁడు.

ఇఁక నిచ్చటఁ గాలనిర్ణయమునకు సంబంధించిన ముఖ్యాంశ మొకటి విచారింపవలసియున్నది. గుంటూరు మిరపకు దేశాంతరములందును బేరున్నది. కావున మిరపకాయ యనాదిగా మనదే యని సామాన్యుల నమ్మకము. మిరప యమెరికా ఖండమునఁ బుట్టిన మొక్క. 1498లో వాస్కో డ గామా కోళికోడు చేరిన పిమ్మటఁ బోర్చుగీసువారి యోడలమీఁద నది భారతదేశమునకు వచ్చినది. అంతకుముందు మన కారము మిరియము, అల్లము, ఆవాలు. 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁడు శీతకాలమునఁ బెట్టిన విందును వర్ణించుచు మిరియపుఁబొడి కూరలను, ఆవపచ్చళ్లను జెప్పెనే కాని మిరపకాయ నచ్చటఁ జెప్పలేదు. క్రొత్తవస్తువు వచ్చినపుడు ప్రజలు మిరియముతోఁ బోల్చి, ఆ పేరునే సాగఁదీసి మిరపకాయ యనిరి. కాఁబట్టి ప్రాచీనమని చెప్పఁబడు గ్రంథమున మిరపకాయ కనఁబడినచో, ఆ భాగము పదాఱవ శతాబ్దమునకుఁ బూర్వము పుట్టినది కాదని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. తాళపత్రప్రతుల పరిష్కర్తల కిది యుపయోగకరమైన గుఱుతు.

తరువాతి రేవు మచిలీపట్టణము. 1605 ప్రాంతమున డచ్చివారును, 1611లో నాంగ్లేయులును ఇచ్చట వర్తకస్థానము లేర్పఱచుకొనిరి. గోలకొండ రాజ్యమున కిదియే ప్రధానమైన రేవు. విదేశపుఁ దిండివస్తువుల కిట్టి రేవులనుండి మన భాషలోఁ గలిగిన పేళ్లు రెండు తెఱఁగులు.

విదేశనామమే తెలుఁగువేషము వేసికొనుట యొక తెఱఁగు. పోర్చుగీసు మాటయైన అననాస్ మనకు ననాస యైనది. డచ్చివారి పొంపెల్‌మూస్ పంపరపనస యైనది. పనసకును దానికిని జుట్టఱికము లేదు. వినఁబడిన ధ్వనిని దెలిసిన మాటతో సరిపుచ్చిరి. సగ్గుబియ్యములోని సగ్గు మలయాభాషలోని సాగు. బియ్యము మనది. నేఁడు సామర్లకోట ప్రాంతమునఁ దయారగు సగ్గుబియ్యమునకు మూలమైన కఱ్ఱపెండల మమెరికా మొక్క. పేరు మలయాద్వీపములది, వస్తువు పడమటి ఖండముది, వంట తెలుఁగుది.

దేశ్యనామమే విదేశవస్తువున కెక్కుట రెండవ తెఱఁగు. మిరపకాయ యిట్టిది. దక్షిణామెరికానుండి వచ్చిన గింజ వేరుశనగ యైనది. బ్రెజిలునుండి వచ్చిన చెట్టు జీడిమామిడి యైనది. నల్లజీడి, మామిడి, జీడిమామిడి యీ మూఁటిని నేఁటి వృక్షశాస్త్రజ్ఞు లొక్క కుటుంబమునఁ జేర్చుచున్నారు. శాస్త్రము నెఱుఁగని మన పూర్వులు చూపుచేతనే యా చుట్టఱికమును గుర్తించి పేరు పెట్టిరి.

మచిలీపట్టణమునుండి యుత్తరముగా భీమునిపట్టణము, కళింగపట్టణము దాఁటినచో దారి బంగాళమునకుఁ బోవును. అమెరికాఖండమునఁ బుట్టిన దుంప కోస్తాజిల్లాలందు బంగాళాదుంప. రాయలసీమలో నదియే యుర్లగడ్డ. తెలంగాణమున నాలుగడ్డ. మొదటి పేరు బంగాళపు సంబంధమును, రెండవది దక్షిణమందలి తమిళదేశపుఁ బొరుగును, మూఁడవది హిందూస్థానీభాషాసంపర్కమును జూపుచున్నవి. ఒక్క కూర మూఁడు సీమలకు మూఁడు త్రోవల వచ్చినట్లు పేళ్లే చెప్పుచుండ, ఏది సరియైన తెలుఁగని పాఠశాలలో వివాదము పెట్టుకొనుట వ్యర్థము. మూఁడును జరిత్రమే.

ఈ క్రొత్తవస్తువులు రాకముందటి వంట యెట్టిదో తెలిసికొనుటకు జీవత్సాక్ష్య మొకటి యింకను గలదు. పెక్కు కుటుంబములలో శ్రాద్ధపాకమున మిరపకాయను విడిచి మిరియమునే వాడుదురు. బంగాళాదుంపను ముట్టరు. పురీ జగన్నాథుని మహాప్రసాదమునందును బంగాళాదుంప, మిరపకాయ లేవు. పితృదేవతలకుఁ బెట్టు విస్తరి పదాఱవ శతాబ్దమునకుఁ బూర్వపు విస్తరి. ఆచారమునకుఁ గారణ మడిగినఁ బెద్దలు నిషిద్ధమని మాత్రమే చెప్పుదురు. చరిత్రదృష్టిచేఁ జూచిన, ఓడ తేకమునుపటి రుచి యచ్చట నిలిచియున్నది.

శాసనములను జదువుటకు లిపిజ్ఞులు కలరు. వంటయింటి మాటలను వ్రాసికొనువారే యరుదు. తీరమందలి పల్లెకారుల చేఁపల పేళ్లు, ఎండుచేఁపలను నిలువచేయు విధములు, ఉప్పుమడుల వారి పనిమాటలు, ముసలమ్మలు చెప్పు శ్రాద్ధపుఁ గూరల పట్టికలు గ్రామగ్రామమునఁ జెదరియున్నవి. చెప్పువారు నానాఁటికిఁ దగ్గిపోవుచున్నారు. ప్రతి పాఠశాలలోని పండితుఁడును దన యూరి పది యిండ్లలో నీ మాటలను, చెప్పినవారి సీమతోఁ గూడ వ్రాసి యుంచినచో, మోటుపల్లి స్తంభము చెప్పక విడిచిన దానిని గొంత మన మెఱుఁగఁగలము. రాతిమీఁద రాజు వేయించినది శుల్కపు లెక్క. ఆ సరకు ప్రజల నోటి కెట్లు చేరినదో యా మాటలవలననే తెలియవలెను.