ఇస్తాంబుల్‌లో మూడు రోజులు: టికెట్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఉమ్రా చేసొచ్చాక ఇంకో దేశం చూద్దామంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే పేరు ఇస్తాంబుల్. నగరం కొంత యూరప్‌లో, కొంత ఆసియాలో ఉంటుంది. పాత కట్టడాలు ఎక్కువగా యూరప్ వైపే. మూడు రోజులు సరిపోతాయి, వారాలు సరిగా ఎంచుకుంటే.

తోప్‌కాపీ ప్యాలెస్‌కు మంగళవారం సెలవు, దోల్మాబాచె ప్యాలెస్‌కు సోమవారం, గ్రాండ్ బజార్‌కు ఆదివారం. శుక్రవారం జుమా అయ్యేదాకా అయాసోఫియాలోకి పర్యాటకులను వదలరు. అందుకే బుధ, గురు, శుక్రవారాలు మేలు.

అసలు చిక్కు వీసా దగ్గరే. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉంటే టర్కీ ఈ-వీసాకు అప్లై చేయొచ్చు. లేనివాళ్లు స్టిక్కర్ వీసా తీసుకోవాలి. మనవాళ్ల పేరు ఒక కాగితంలో 'ఎండీ', ఇంకోదాంట్లో 'మహ్మద్', మరోదాంట్లో 'మొహమ్మద్' అని ఉంటుంది. టికెట్‌లో, వీసా ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయించండి. 2025 మేలో మన దేశంలో కొన్ని ట్రావెల్ కంపెనీలు టర్కీ బుకింగ్‌లు ఆపేశాయి. ఏజెంటుకు అడ్వాన్స్ ఇచ్చేముందు రీఫండ్ సంగతి రాతపూర్వకంగా తీసుకోండి.

శామీర్‌పేటలోనే ఔటర్ ఎక్కితే శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు గంట పైనే. అక్కడి నుంచి చాలామంది గల్ఫ్ మీదుగా వెళ్తారు.

బుధవారం తోప్‌కాపీకి ఇవ్వండి. దైవప్రవక్త (స)కు చెందినవిగా భద్రపరిచిన పవిత్ర వస్తువులున్న గదుల్లో ఖురాన్ పారాయణం వినిపిస్తూనే ఉంటుంది. పక్కనే అయాసోఫియా. నమాజ్‌కు టికెట్ లేదు. పై అంతస్తు చూడటానికి విదేశీయులకు 25 యూరోలు పెట్టారు, కుటుంబానికి లెక్కేస్తే చిన్న మొత్తం కాదు.

గురువారం దోల్మాబాచె. హైదరాబాదీలు దీన్ని వదలొద్దు. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ ఉన్నది ఇక్కడే. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దు చేసి, ఆయన్ను కుటుంబంతో సహా దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌కు 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం పెద్ద కొడుకుతో పెళ్లయింది. అప్పుడే రెండో కొడుకును పెళ్లాడిన నీలోఫర్ కూడా ఉస్మానియా వంశమే. మన పిల్లలను తీసుకెళ్లే నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి, ప్యాలెస్ వేరుగా కనిపిస్తుంది.

శుక్రవారం జుమా సులేమానియా మసీదులో. మిమార్ సినాన్ కట్టింది, 1557 నాటిది. తర్వాత ట్రామ్‌లో అయ్యూబ్ సుల్తాన్‌కు వెళ్తే సహాబీ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) మజార్ ఉంది. ఊరంతా ఎత్తుపల్లాలు, రాతి బాటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే సులేమానియా గుట్టకు టాక్సీలోనే వెళ్లండి. మిగతాచోట్లకు ఇస్తాంబుల్ కార్డ్ చాలు, ట్రామ్‌కూ పడవకూ అదే పనిచేస్తుంది.