తుపాకీ లైసెన్సు: అప్పుడు రంగు చూశారు, ఇప్పుడు శిక్ష చూస్తారు

మొన్న శుక్రవారం మెస్సులో అన్నం తింటుంటే మా జగిత్యాల తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, ఊళ్లె నా మీద కొట్లాట కేసున్నది. ఇంటికి పోయి బ్యాంకుల గన్‌మన్‌గ చేరుదమంటే తుపాకి లైసెన్సు ఇస్తరా?" దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1857 తిరుగుబాటు తెల్లదొరలను బాగా భయపెట్టింది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడి దగ్గర లైసెన్సు లేకుండా తుపాకీ ఉంటే నేరం. దొరలకు మాత్రం మినహాయింపు! అంటే ఏ తప్పూ చేయకపోయినా మనవాడు అనుమానితుడే. తర్వాత నిబంధనలు మారినా, లైసెన్సు ఇవ్వడం మాత్రం అధికారి దయే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మూడు రోజులు వరసగా పడింది తుపాకుల కోసమే కదా.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. ఇందులో తొమ్మిదో సెక్షన్ ముఖ్యం. హింసతో కూడిన నేరంలో గానీ, మోసం, దొంగతనం లాంటి నీతిమాలిన నేరంలో గానీ జైలుశిక్ష పడితే, శిక్షాకాలం ముగిశాక కూడా అయిదేళ్లు తుపాకీ పట్టకూడదు. మొదట ఆరు నెలలు, ఆపైన శిక్ష పడినవాళ్లకే ఈ నిషేధం. 1983 సవరణతో ఎన్ని రోజుల శిక్షయినా సరే అన్నారు. మన ఊళ్లలో అందరికీ తెలిసిన బైండోవర్ కూడా ఇందులో ఉంది. శాంతిభద్రతల కోసం బాండు రాయించుకుంటే, దాని గడువు తీరేదాకా తుపాకీ మాట ఎత్తకూడదు.

ఇక తమ్ముడి సంగతి. కేసు ఉన్నంత మాత్రాన శిక్ష పడ్డట్టు కాదు, కాబట్టి తొమ్మిదో సెక్షన్ నిషేధం అతనికి వర్తించదు. అయితే పోలీసు రిపోర్టు చూసి, ప్రజల భద్రతకు మంచిది కాదని అధికారి లైసెన్సు నిరాకరించవచ్చు. అప్పుడు కారణం కాగితం మీద రాసివ్వమని అడగాలి, అప్పీలుకు వెళ్లాలి. లిట్టన్ దొర కాలంలో మన తాతలకు ఈ మాత్రం కూడా దిక్కులేదు.

ఇదంతా విని తమ్ముడు, "ముందు వాయిదాకు పోవాలె గదా అన్నా, లీవ్ ఎవడిస్తడు?" అన్నాడు.